మెదడు శస్త్రవైద్యము – దేశముల మధ్య సహకారము

హైదరాబాదు నుండి నర్సాపురము మీదుగా మెదకు పోవు రహదారిపై బొంతపల్లి అను గ్రామమున్నది. వీరభద్రస్వామి ఆలయమునకు పేరుగన్న ఈ ఊరి చుట్టును గత కొన్ని దశాబ్దములలో మందుల కర్మాగారములు వెలసినవి. 2016లో ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో ఇది చేరియున్నది. పగలనక రాత్రనక లారీలు, కంపెనీ బస్సులు, మోటారు సైకిళ్లు తిరుగు ఇటువంటి త్రోవపై తలకు దెబ్బ తగులుట అరుదైన సంగతి కాదు. గాయపడినవానిని మొదట చూచిన వైద్యుడు నగరములోని పెద్ద ఆసుపత్రికి ఫోను చేసినప్పుడు చెప్పు మాటలలో ఒక అంకె తప్పక ఉండును. "జీ.సీ.యస్. పదమూడు" అని గాని, "తొమ్మిది" అని గాని ఆయన చెప్పును. రోగిని చూడకపోయినను, అవతలి శస్త్రవైద్యునికి ఆ అంకె వలన అతని స్థితి చాలవరకు బోధపడును. ఎనిమిది, లేక అంతకు తక్కువ అన్నచో రోగి గాఢమైన అపస్మారకములో ఉన్నాడనియు, ఊపిరి త్రోవను కాపాడుటకు గొంతులో గొట్టము వేయవలసి రావచ్చుననియు ఆయన సిద్ధపడును.

ఈ అంకె గ్లాస్గో నగరములో 1974లో వెలువడిన ఒక కొలత నుండి వచ్చినది. అయితే ఎక్కడనో ఒక ఊరి వైద్యులు వ్రాసికొన్న కొలతను లోకమంతయు వాడుట తనంత తాను జరుగదు. అంతకు ముందే మెదడు శస్త్రవైద్యులకు ఒకరి శస్త్రచికిత్స గదిలో మరియొకరు నిలబడి చూచు అలవాటు, ఒకరి లెక్కలను మరియొకరు అడిగి తీసికొను అలవాటు ఏర్పడి ఉండవలెను. ఆ అలవాటునకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. అందులో మన ప్రాంతపు రోగులకును చోటున్నది.

1900లో హార్వే కుషింగ్ అను అమెరికా యువకుడు యూరపుకు ప్రయాణమైనాడు. స్విట్జర్లాండులోని బెర్న్ నగరములో కొఖెర్ అను గొప్ప శస్త్రవైద్యుని ప్రాపున ప్రయోగములు చేయుచు, పుర్రె లోపలి ఒత్తిడి పెరిగిన కొలది శరీరమందలి రక్తపు పోటు కూడ పెరుగునని కుషింగ్ నిరూపించినాడు. అక్కడ నుండి ఇటలీ పోయి, పావియా నగరములోని ఆసుపత్రిలో రీవా-రోచ్చి అను వైద్యుడు చేసిన రక్తపు పోటు కొలుచు పట్టీని చూచినాడు. చేతికి చుట్టి గాలి నింపు ఆ పట్టీ నేడు ప్రతి చిన్న ఆసుపత్రిలోను ఉన్నదే. కుషింగ్ దానిని తన దేశమునకు తీసికొనిపోయి, శస్త్రచికిత్స సాగుచున్నంతసేపు రోగి రక్తపు పోటును వ్రాసి ఉంచు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినాడు. 1901లో ఇంగ్లండులోని లివర్పూలులో షెరింగ్టన్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుని వద్ద కోతుల మెదడులో కదలికలకు సంబంధించిన భాగము ఎక్కడున్నదో చూచు పనిలో పాల్గొన్నాడు. ఒక్క ఏడాదిలో మూడు దేశములలో మూడు విద్యలు నేర్చినాడన్నమాట.

ఆ రోజులలో మెదడులో కణితి ఉన్నదని పుర్రె తెరచుట మృత్యువును పిలుచుట వంటిదే. కుషింగ్ తన జీవితకాలములో ఆ మరణములను పదింట ఒకటి కంటె తక్కువకు దించగలిగినాడు. 1931లో ఆయన తన రెండువేలవ కణితి రోగికి శస్త్రచికిత్స చేసినాడు. అప్పటికే ఎడింబరో నుండి నార్మన్ డాట్, లండను నుండి హ్యూ కెయిర్న్స్, బ్రస్సెల్స్ నుండి పాల్ మార్టిన్ మొదలైనవారు బోస్టనులోని ఆయన ఆసుపత్రికి పోయి నేర్చుకొన్నారు. ఇట్లు పోవుటకు కారణము లేకపోలేదు. వీణపై గమకము పుస్తకము చూచి పట్టుబడునా? మెదడును తాకుట కూడ అటువంటిదే. ఎంత ఒత్తవచ్చును, రక్తము ఊరుచున్నప్పుడు ఎంతసేపు ఓపిక పట్టవలెను, ఎప్పుడు చేయి వెనుకకు తీయవలెను అను సంగతులు గురువు ప్రక్కన నిలబడిననే తెలియును.

అదే షెరింగ్టన్ వద్ద, అప్పటికి ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా, వైల్డర్ పెన్‌ఫీల్డ్ చదివినాడు. 1928లో పెన్‌ఫీల్డ్ జర్మనీలోని బ్రెస్లౌ నగరమునకు పోయినాడు. ఆ ఊరు నేడు పోలండు దేశములో ఉన్నది. అక్కడ ఫోర్‌స్టర్ అను వైద్యుడు, పూర్వపు గాయముల మచ్చల వలన మూర్ఛలు వచ్చువారికి, వారు మేలుకొని మాటాడుచుండగనే, తలపై చర్మమునకు మాత్రము మత్తు ఇచ్చి ఆ మచ్చలను తొలగించుచుండెను. మెదడునకు నొప్పి తెలియదు గనుక ఇది సాధ్యమైనది. ఈ విద్యను పెన్‌ఫీల్డ్ కెనడాకు తెచ్చి, 1934లో మాంట్రియల్ నాడీ వైద్య సంస్థను నెలకొల్పి, అందులో వృద్ధిచేసినాడు.

మాంట్రియల్ నుండి ఈ దారి దక్షిణ భారతమునకు తిరిగినది. జేకబ్ చాందీ 1910లో కొట్టాయములో పుట్టి, మద్రాసులో వైద్యము చదివినాడు. తరువాత పారశీక సింధుశాఖలోని బహ్రెయిన్ దీవిలో, అమెరికన్ మిషను ఆసుపత్రిలో, పాల్ హారిసన్ అను వైద్యుని వద్ద పనిచేసినాడు. నాడీ శస్త్రవైద్యము నేర్వవలెనను కోరిక ఆయనలో కలిగించినది హారిసనే. అమెరికాలో పై చదువు ముగించి, మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ వద్దను, పిమ్మట చికాగోలోను శిక్షణ పొంది, 1949లో చాందీ రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి అక్కడ నాడీ శస్త్రవైద్య విభాగమును ప్రారంభించినాడు. భారతదేశములో ఈ విద్యకు ఇదే ప్రారంభము. మరుసటి ఏడు, 1950లో, ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో రోబోథామ్ వద్ద నేర్చుకొన్న బి. రామమూర్తి మద్రాసు జనరల్ ఆసుపత్రిలో పని మొదలుపెట్టినాడు. రోబోథామ్ తలగాయముల చికిత్సలో పేరుపొందినవాడు.

1951లో చాందీ, రామమూర్తి, బలదేవ్ సింగ్, ఎస్.టి. నరసింహన్ అను నలుగురు కలిసి భారత నాడీ వైద్య సంఘమును స్థాపించినారు. నలుగురితో ఒక దేశమునకు సంఘమా అని నేడు నవ్వు రావచ్చును. కాని ఆ నలుగురిని మించి పోగుచేయుటకు అప్పుడు దేశములో ఎందరు ఉన్నారు గనుక! ప్రపంచములోను అంతటా ఇట్టి చిన్న సంఘములే ఉండెడివి. వానినన్నిటిని కలిపి 1955లో ప్రపంచ నాడీ శస్త్రవైద్య సంఘముల సమాఖ్య ఏర్పడినది. 1957లో మొదటి అంతర్జాతీయ మహాసభ బ్రస్సెల్స్‌లో జరిగినది. 1989లో తొమ్మిదవ మహాసభ మన ఢిల్లీలో జరిగినది.

1949 నాటికి ఆంధ్ర జిల్లాలన్నియు మద్రాసు రాష్ట్రములోనివే. హైదరాబాదు వేరొక రాష్ట్రము. మెదడులో కణితి అన్న అనుమానము కలిగినచో నెల్లూరు, కడప, చిత్తూరు జిల్లాల రోగికి రెండే త్రోవలు: మద్రాసుకు రైలు, లేదా కాట్పాడి జంక్షనులో దిగి రాయవేలూరు చేరుట. రాయలసీమలో పెద్ద జబ్బు చేసినచో "వేలూరు పోవలె" అనుట నేటికిని వినవచ్చును. తరువాత విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టర్ ఎస్. బాలపరమేశ్వరరావు వంటివారు, హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రిలోనివారు ఈ శాఖను పెంచినారు. కొంతకాలమునకు నిజాము వైద్య విజ్ఞాన సంస్థ కూడ తోడైనది.

ఇంతవరకు చెప్పిన కథ అంతయు పడమటి నుండి తూర్పునకు పారిన విద్య గూర్చియే. కాని ఇక్కడకు వచ్చిన శస్త్రవైద్యులు తాము నేర్చిన పుస్తకములలో లేని రోగములను చూచినారు. నల్లగొండ జిల్లాలో బావినీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు గట్టిపడు జబ్బును గూర్చి 1955లో సిద్దిఖీ అను వైద్యుడు బ్రిటిష్ వైద్య పత్రికలో వ్రాసినాడు. వెన్నెముకల నడుమనున్న కాలువ అట్లు ఇరుకైనచో లోపలి వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుపడును. ఆ స్థితిలోని రోగులు నాడీ శస్త్రవైద్యుని వద్దకే రావలెను గదా! ఉస్మానియాలోను, తరువాత నిజాము సంస్థలోను పనిచేసిన డాక్టర్ డి. రాజారెడ్డి ఈ విషయమున చేసిన కృషి అంతర్జాతీయ పత్రికలలో ప్రకటింపబడినది.

మరియొక రోగము విషయములో జరిగినది ఇంకను విచిత్రము. దానిని కొంత వివరముగా చెప్పుకొనవలెను.

యూరపు, అమెరికాలలో మెదడు కణితి అన్నచో సాధారణముగా మెదడు కణములో, పొరలో అదుపు తప్పి పెరుగుట వలన ఏర్పడినదే. క్షయ క్రిములు మెదడులో చేరి గడ్డ కట్టుట అక్కడ స్వల్పము. మన దేశములో 1950, 60 సంవత్సరములలో వెలువడిన లెక్కలలో పుర్రెలోపలి నూరు గడ్డలలో ఇరువది, ముప్పది వరకు క్షయ గడ్డలుగా తేలినవి. మద్రాసులో రామమూర్తి, వరదరాజన్ కలిసి వీనిని గుర్తించు పద్ధతిని గూర్చి 1961లో అమెరికా నాడీ శస్త్రవైద్య పత్రికలో వ్రాసినారు. స్ట్రెప్టోమైసిను, ఐసోనియాజిడు మందులు వచ్చిన తరువాత ఇట్టి గడ్డను తీసినపిమ్మట క్షయ మెదడు పొరలకు ప్రాకి రోగి మరణించు భయము తగ్గినది. "భారతదేశములో మెదడులో గడ్డ కనిపించినచో ముందుగా క్షయను తలంచుము" అనునది విద్యార్థులకు పాఠమైనది. ఆ పాఠము తప్పు కాదు. తప్పు కాకపోవుటయే తరువాతి చిక్కునకు కారణమైనది.

మెదడును పొరలుపొరలుగా ఎక్స్‌కిరణములతో చూపు సి.టి. యంత్రము మన దేశమునకు వచ్చినపిమ్మట, 1980 ప్రాంతముల నుండి, ఒక క్రొత్త దృశ్యము కనిపింపసాగినది. మూర్ఛ ఒకటి రెండు మారులు వచ్చిన యువకుని, లేదా పిల్లవాని మెదడులో శనగగింజంత ఉంగరము వంటి మచ్చ. మిగిలిన మెదడంతయు చక్కగానే ఉండును. ఇది క్షయ గడ్డయే అని తలంచి ఏడాది, ఏడాదిన్నర క్షయ మందులు ఇచ్చుచుండిరి. కొన్ని నెలలలో మచ్చ మాయమగుచుండెను. మందు పనిచేసినదని వైద్యుడు సంతోషించును, రోగి దండము పెట్టును. కాని క్షయ మందులు ఇవ్వనివారిలో కూడ మచ్చ మాయమగుచున్నట్లు కొందరు గమనించినారు. ఇది ఎట్టి క్షయ?

రాయవేలూరు శస్త్రవైద్యులు, మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ మొదలైనవారు, ఈ మచ్చలను ఊహతో గాక కండముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింప సాహసించినారు. అంత చిన్న మచ్చను మెదడులో వెదకి చేరుటకు తలకు చట్రము బిగించి, సి.టి. బొమ్మపై లెక్కలు కట్టి, ముందుగా త్రోవ నిర్ణయించుకొను స్టీరియోటాక్సీ అను పద్ధతి తోడ్పడినది. తీసిన ముక్కలలో అనేకము క్షయవి కావని తేలినది. అందులో కనిపించినది బద్దెపురుగు పిల్ల, లేదా దాని శిథిలము. పందులలో పెరుగు ఒక జాతి బద్దెపురుగు గ్రుడ్లు మనుష్యుని కడుపులో చేరినచో పిల్లలు రక్తము ద్వారా మెదడుకు పోయి అక్కడ చచ్చును. అది చచ్చు సమయమున చుట్టును వాపు వచ్చి మూర్ఛ కలుగును. తరువాత శరీరమే ఆ శిథిలమును కరిగించివేయును. క్షయ మందు ఇచ్చినను, ఇవ్వకున్నను, మచ్చ మాయమైనందుకు కారణమిదే. పంది మాంసము ముట్టనివారికి కూడ ఇది రాగలదు. ఏలనన, పురుగు గ్రుడ్లు దానిని కడుపులో మోయు మనుష్యుని మలము నుండి, శుభ్రములేని చేతుల ద్వారా, నీటి ద్వారా, కూరగాయల ద్వారా వచ్చును. శాకాహారులమని ధైర్యముగా ఉన్నవారు ఈ మాట గమనింపవలెను.

ఈ ఫలితములు 1991లో బ్రిటిష్ నాడీ వైద్య పత్రికలో వెలువడినవి. అంతటితో ఊరకుండక, పుర్రె తెరువకుండగనే ఈ మచ్చను గుర్తుపట్టుటకు వారు కొన్ని నియమములు ఏర్పరచినారు: మచ్చ ఒక్కటియే ఉండవలెను, రెండు సెంటీమీటర్లకు మించరాదు, తలలో ఒత్తిడి పెరిగిన చిహ్నములు ఉండరాదు, మొదలైనవి. ఈ నియమములు కుదిరిన రోగిని మూర్ఛ మందులతో కనిపెట్టి ఉండి, కొంతకాలమునకు మరల బొమ్మ తీసి చూచిన చాలును. ఎందరి తలలకు కత్తి తప్పినదో, ఎందరికి కాలేయమును బాధించు క్షయ మందుల కోర్సు తప్పినదో ఊహించుకొనవచ్చును. మరి నిజమైన క్షయ గడ్డ ఉన్నవానికి క్షయ మందు తప్పక ఇవ్వవలసినదే. అందుకే విడదీసి చూచుట అంత ముఖ్యమైనది.

ఈ పురుగు మన ఒక్క దేశమునదే కాదు. పెరూ, ఈక్వడారు, మెక్సికో, బ్రెజిలు దేశములలో ఇది మూర్ఛకు పెద్ద కారణము. అక్కడి వైద్యులకు తల నిండ పదులకొలది పురుగులున్న రోగులు పరిచితులు. ఇక్కడివారికి ఒంటి మచ్చ పరిచితము. ఒకరు చూచినది మరియొకరు అంతగా చూడలేదు. 2001లో ఈక్వడారుకు చెందిన డెల్ బ్రూటో ముందు నిలిచి, ఈ రోగనిర్ణయమునకు అన్ని దేశములకు పనికివచ్చు నియమావళిని పలు దేశముల వైద్యులతో కలిసి ప్రకటించినాడు. ఆ వ్యాసకర్తలలో రెండవ పేరు రాయవేలూరు రాజశేఖర్‌ది. బ్రెస్లౌ నుండి మాంట్రియల్‌కు, మాంట్రియల్ నుండి రాయవేలూరుకు వచ్చిన విద్య, ఇట్లు దక్షిణ అమెరికాను కలిసినది.

రాయవేలూరు చిక్కులో రెండు రోగములకు ఒకే పేరు పెట్టుట జరిగినది. తలగాయముల విషయములో చిక్కు దీనికి తిరగబడినట్టిది: ఒకే స్థితికి ఇరువది పేర్లు. స్మారకము తప్పిన రోగిని ఒక వైద్యుడు "మగతగా ఉన్నాడు" అని వ్రాయును. మరియొకడు "అర్ధ అపస్మారకము" అనును. ఇంకొకడు "లోతైన నిద్ర" అనును. ఉదయపు వైద్యుని మగతయే రాత్రి వైద్యునికి అర్ధ అపస్మారకమైనచో, రోగి దిగజారినాడో, వైద్యుడు మారినాడో ఎట్లు తెలియును? పుర్రెలోపల రక్తము కూడుచున్న రోగిలో ఈ తేడా పట్టుట ఒక్కొక్కప్పుడు గంటల మీద, నిమిషముల మీద ఆధారపడి ఉండును.

గ్లాస్గోలోని బ్రయాన్ జెనెట్, గ్రాహం టీస్‌డేల్ అను ఇద్దరు శస్త్రవైద్యులు ఈ విశేషణముల నన్నిటిని ప్రక్కకు నెట్టి, మూడు ప్రశ్నలు మాత్రము ఉంచినారు. కళ్లు ఎప్పుడు తెరచుచున్నాడు? ఏమి మాటాడుచున్నాడు? చేయి కాలు ఎట్లు కదల్చుచున్నాడు? తనంతట కళ్లు తెరచినచో 4, పిలిచినప్పుడు తెరచినచో 3, నొప్పి కలిగించినప్పుడు మాత్రమే తెరచినచో 2, ఎంత చేసినను తెరువకపోయినచో 1. మాటకు 5 మొదలు 1 వరకు. చెప్పినట్లు చేయి ఎత్తుట మొదలు ఏ కదలికయు లేకపోవుట వరకు కదలికకు 6 మొదలు 1 వరకు. మొత్తము 15కు మించదు, 3కు తగ్గదు. శవమునకు కూడ మూడు వచ్చునని విద్యార్థులు హాస్యమాడుట కలదు, అది నిజమే. 1974లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినప్పుడు కదలికకు ఐదు మెట్లే ఉండెను. ఆరవది కొద్ది కాలము తరువాత చేర్చినారు. మూడింటిని కూడి ఒక్క అంకెగా చెప్పుట కూడ తరువాతి అలవాటే. కూడికలో కొంత పోవుట కద్దు. తొమ్మిది వచ్చిన ఇద్దరు రోగులు ఒకే స్థితిలో ఉండనవసరము లేదు. అందుచేత మూడు అంకెలను విడివిడిగా వ్రాయుడని టీస్‌డేల్ తరువాత పదేపదే చెప్పినాడు.

ఈ కొలత గొప్పతనము దాని సులభతలో ఉన్నది. యంత్రము అక్కరలేదు, నర్సు కూడ గంట గంటకు వ్రాయగలదు. అయినను బొంతపల్లి వంటి చోట ఒక జాగ్రత్త అవసరము. ఆ ప్రాంతపు కర్మాగారములలో బీహారు, ఒడిశా రాష్ట్రముల నుండి వచ్చిన కూలీలు అనేకులు. "నీ పేరేమి? ఇది ఏ ఊరు? ఇప్పుడు ఏ నెల?" అని తెలుగులో అడిగినప్పుడు ఒడియా కూలీ తెల్లమొగము వేసినచో అది మెదడు దెబ్బ వలననా, భాష తెలియకనా? మాటకు ఐదు రావలసినవానికి మూడు వేసినచో లెక్క తలక్రిందులగును. తోటి కూలీని ఒకని పిలిచి అడిగించుట ఇటువంటి చోట చికిత్సలో భాగమే.

అందరును ఒకే కొలత పట్టినపిమ్మట పోల్చుట సాధ్యమైనది. 1977లో జెనెట్ బృందము గ్లాస్గోలోను, నెదర్లాండ్సులోని గ్రోనింగెన్, రోటర్‌డామ్ నగరములలోను, అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లోను తీవ్రమైన తలగాయములు తగిలిన 700 మంది లెక్కలను ఒకచోట చేర్చి ప్రకటించినది. మూడు దేశములలో చికిత్సా పద్ధతులు వేరు. ఆసుపత్రుల ఏర్పాట్లు వేరు. మరణములు మాత్రము మూడింట సుమారు సగమే. తమ పద్ధతియే మేలైనదని నమ్మినవారికి ఇది మింగుడుపడని సంగతి అయి ఉండును. 1988లో ప్రపంచ సమాఖ్య, మెదడు పొరల క్రింద రక్తనాళము పగిలిన రోగుల తరగతులను నిర్ణయించుటకు కూడ గ్లాస్గో కొలతనే ఆధారము చేసికొన్నది.

ఇప్పుడు స్టెరాయిడ్ మందుల కథ. 1961లో అమెరికాలోని మిన్నియాపోలిస్ వైద్యులు, మెదడు కణితి చుట్టు వచ్చు వాపును డెక్సామెథసోను అను మందు ఆశ్చర్యకరముగా తగ్గించునని చూపినారు. అపస్మారకములో ఉన్న కణితి రోగులు ఒకటి రెండు దినములలో లేచి కూర్చుండినారు. కణితి వాపు తగ్గినచో గాయపు వాపు ఏల తగ్గదు? ఈ తర్కము ఎంత సహజముగా ఉన్నదో చూడుడు. తలగాయములకు కూడ స్టెరాయిడ్లు ఇచ్చు అలవాటు దేశదేశములలో వ్యాపించి, సుమారు ముప్పది సంవత్సరములు సాగినది. చిన్న చిన్న పరిశోధనలు చాల జరిగినవి; కొన్ని మేలనినవి, కొన్ని లేదనినవి.

తేలకపోవుటకు కారణము లెక్కలోనే ఉన్నది. మందు ఇచ్చిన ఏబది మందిలో పది మంది, ఇవ్వని ఏబది మందిలో తొమ్మిది మంది మరణించినారనుకొందము. ఆ ఒక్కరి తేడా మందు వలననా, యాదృచ్ఛికమా? బొమ్మబొరుసు ఏబది మారులు వేసినచో సరిగా ఇరువదియైదు రావు గదా! నూటికి ఇద్దరు ముగ్గురి తేడాను నమ్మకముగా పట్టవలెనన్నచో వేలకొలది రోగులు కావలెను. ఏ ఒక్క ఆసుపత్రియు, ఏ ఒక్క నగరమును అంతమందిని కొద్ది కాలములో చూడలేదు.

ఆ పనికి క్రాష్ అను పేరుతో ఒక పరిశోధన సాగినది. లండనులోని ఆరోగ్య, ఉష్ణమండల వైద్య కళాశాల నుండి ఇయాన్ రాబర్ట్స్ మొదలైనవారు దానిని నడిపినారు. గ్లాస్గో కొలతపై 14, లేదా అంతకు తక్కువ ఉన్న పెద్దలను, గాయమైన ఎనిమిది గంటలలోపు, చీటీలు వేసినట్లు రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు మిథైల్‌ప్రెడ్నిసొలోను అను స్టెరాయిడును 48 గంటలు ఎక్కించినారు. రెండవ వర్గమునకు మందులేని ద్రవమును ఎక్కించినారు. ఎవరికేది పోవుచున్నదో వైద్యునికిని తెలియదు. 49 దేశములలోని 239 ఆసుపత్రులు చేరినవి. వానిలో భారతీయ ఆసుపత్రులును ఉన్నవి. ఇరువదివేల మందిని చేర్పవలెనని ఉద్దేశము. 10,008 మంది చేరునప్పటికి, 2004లో, పరిశోధనను ఆపివేసినారు. రెండు వారములలో మరణించినవారు మందు లేని వర్గములో నూటికి 17.9, స్టెరాయిడు వర్గములో 21.1.

అనగా మేలు చేయుటలేదను మాట అటుంచి, మందు పొందిన ప్రతి నూరుగురిలో ముగ్గురు అదనముగా మరణించుచుండిరి. ముప్పది సంవత్సరములుగా ఇచ్చిన మందు! ఆ ముగ్గురెవరో ఏ వైద్యునికిని కనిపించి ఉండరు, ఏలనన తీవ్రమైన తలగాయములో మరణము ఎదురుచూడనిది కాదు. తలగాయమునకు ఈ స్టెరాయిడ్ల వాడుక ఆ తరువాత విడువబడినది. కణితి వాపునకు మాత్రము డెక్సామెథసోను నేటికిని మంచి మందే.

అదే బృందము తరువాత రక్తము గడ్డకట్టిన చోట ఆ గడ్డ కరుగకుండ కాపాడు ట్రానెగ్జామిక్ ఆమ్లము అను మందును పరీక్షించినది. ఈ మందును జపానులో ఉటాకో ఒకమోటో, షొసుకె ఒకమోటో దంపతులు కనుగొని 1962లో ప్రకటించినారు. చవకైన మందు. శరీరమందలి గాయములలో రక్తస్రావమునకు ఇది ప్రాణము నిలుపునని 2010లో తేలినది. తలలోని రక్తస్రావము సంగతి తేల్చుటకు 29 దేశములలోని 175 ఆసుపత్రులలో 12,737 మందిని చేర్చిన పరిశోధన ఫలితములు 2019 అక్టోబరులో వెలువడినవి. మూడు గంటలలోపు మందు పడినవారందరిని కలిపి చూచినచో, తలగాయము వలన మరణించినవారు మందు పొందినవారిలో నూటికి 18.5, పొందనివారిలో 19.8. ఈ తేడా యాదృచ్ఛికము కావచ్చును. కాని గ్లాస్గో కొలతపై 9 మొదలు 15 వరకు వచ్చినవారిని వేరుచేసినప్పుడు, మరణములు మందు పొందినవారిలో 5.8, పొందనివారిలో 7.5. ఎనిమిది, లేక అంతకు తక్కువ ఉన్నవారిలో చెప్పుకొనదగిన మేలు కనిపించలేదు. అనగా పుర్రెలోపల రక్తము ఇంకను ఊరుచున్న దశలోనే మందు పడవలెను. ఊరవలసినదంతయు ఊరినతరువాత దాని పని లేదు.

బొంతపల్లి నుండి నగరపు పెద్ద ఆసుపత్రులు ముప్పది, నలుబది కిలోమీటర్ల దూరములో ఉన్నవి. 2005లో ఆరంభమైన 108 వాహనము వచ్చుట, రోగిని ఎక్కించుట, సందడిగల త్రోవలో నగరము చేరుట, బొమ్మ తీయుట – ఇవన్నియు ఆ మూడు గంటలలోనివే. అందుచేత మొదటి వైద్యుడు చీటీపై వ్రాయవలసినవి ఇప్పుడు రెండు: కన్ను, మాట, కదలికల అంకెలు ఒకటి, దెబ్బ ఎన్ని గంటలకు తగిలినదను సంగతి రెండవది.